మూరెడు తెర

మా శ్రీ వాగ్దేవీ నాట్యమండలి వాళ్ళకి తెర ఎత్తడం వచ్చు, తెర దించడం వచ్చు. ఈ రెంటికీ మధ్య ఎక్కడో ఆపడం గొప్ప కళ అని ప్రభుత్వం వారు చెప్పేదాకా మాకు తెలియదు. చెప్పాక కూడా కొన్నాళ్ళు నమ్మలేదు. కాగితం మీద గుండ్రటి ముద్ర చూశాక నమ్మక తప్పలేదు.

నేను ఆ మండలిలో హార్మోనిస్టుని. వేదిక పక్కన, తెరకి లోపలివైపు కూర్చుని పెట్టె వాయించడం నా పని. నటుడికి శ్రుతి ఇవ్వాలి, పద్యం మరిచిపోతే మొదటి మాట అందించాలి, ఊపిరి కోసం ఆగితే ఆ ఖాళీని నాలుగు స్వరాలతో పూడ్చాలి. ఖాళీ మిగిలితే తిట్లు నాకు, పద్యం పండితే చప్పట్లు వాళ్ళకి. హాల్లో కూర్చున్నవాళ్ళకి నేను కనిపించను గానీ నాకు మాత్రం నటుల మొహాలన్నీ దగ్గర్నుంచి కనిపిస్తాయి. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి.

ఆ ఏడు రాష్ట్రంలో కళా నవీకరణ ప్రాధికార సంస్థ అని ఒకటి వెలిసింది. దాని సంచాలకులు డాక్టర్ విశ్వోత్తమరావు గారు. ఆయన ఏదో సదస్సుకి వెళ్ళి, కళ అనేది సంప్రదాయాన్ని ధిక్కరించాలనీ, చూసేవాడి చూపుని మార్చాలనీ విని వచ్చారు. మాట మంచిదే. మంచి మాటని మంచి మాటగా వదిలేస్తే అది ఆఫీసు ఎందుకవుతుంది? వెంటనే ఉత్తర్వు వచ్చింది. "ప్రతి నాటక సమాజము రాబోవు పోటీలలో కనీసము ఒక సంప్రదాయమును ధిక్కరించి, తద్వారా ప్రేక్షకుల దృష్టియందు గణనీయమైన మార్పు కలుగజేయవలెను. ధిక్కరించని సమాజముల గుర్తింపు రద్దుచేయబడును. ధిక్కారము సంస్థ నిర్దేశించిన పరిధికి లోబడి ఉండవలెను." గుర్తింపు పోతే మా ఊరి హాలు కూడా మాకివ్వరు.

మేము ఆడేది ఒకటే నాటకం. మా పెదగంటిపాలెం హైస్కూల్లో తాతల కాలంలో పనిచేసిన తెలుగు పండితుడు రాసినది. వీరకేతు మహారాజు పెద్దరాణి మంజువాణిని కాదని చిన్నరాణికి హారం ఇస్తాడు. మంజువాణి అలుగుతుంది. రాజు వచ్చి ఆవిడ కాళ్ళ మీద పడతాడు. ఆవిడ ఎడమకాలితో కిరీటాన్ని తన్నేస్తుంది. తన్ని, ఆ బోడి తలని చూస్తుంది. చూస్తూ ఏడుస్తుంది, ఏడుస్తూ నవ్వుతుంది. తెర. చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ఈ కథ కంఠతా వచ్చు. కథ కోసం ఎవరూ రారు. పద్యం కోసం వస్తారు, నచ్చితే వన్స్ మోర్ అంటారు. అన్నారంటే చచ్చిపడిన సేనాపతి కూడా లేచి, దుమ్ము దులుపుకుని, పద్యం మళ్ళీ పాడి మళ్ళీ చావాలి. అయితే వన్స్ మోర్ పద్యానికే. మాటకి లేదు, ఏడుపుకి లేదు, నవ్వుకి లేదు. అది మా దగ్గర ఎవరూ దాటని గీత.

ఏ సంప్రదాయాన్ని ధిక్కరిద్దామని మండలిలో సమావేశం పెట్టాం. రాజు వేషం వేసే భుజంగరావు గొంతు చాలా పెద్దది, దానికంటే మీసం పెద్దది. ప్రేక్షకులు వన్స్ మోర్ అడక్కుండానే తను ప్రతి పద్యం రెండుసార్లు పాడతాననీ, అది తప్పకుండా ధిక్కారం కిందికి వస్తుందనీ అన్నాడు. రాజుకి ప్యాంటు వేద్దామని ఒకాయన అన్నాడు. ఏదీ తేలలేదు. చివరికి మనకి తెలిసినట్టు మనం ఆడదాం, చూసేవాళ్ళ చూపు వాళ్ళే చూసుకుంటారని లేచిపోయాం.

వజ్రకుమారి కూడా ఆ సమావేశానికి వచ్చింది. ఆమె ధ్యాస వేరే ఉంది. పొద్దంతా కుట్టుమిషను తొక్కి జాకెట్లు కుట్టే మనిషి, మా నాటకంలో ఏళ్ళ తరబడి చెలికత్తె. మంజువాణి వెనకాల నిలబడి వింజామర వీచడమే పని. పాత మంజువాణి మోకాళ్ళు అరిగిపోయి వేషం మానుకుంటే, ఆ వేషం ఆ ఏడే వజ్రానికి వచ్చింది. ఆ చివరి చూపు కోసం ఆమె పడ్డ పాట్లు నేను చూశాను. పాతావిడలాగా చెయ్యకూడదు, అలాగని తక్కువగానూ ఉండకూడదు. మిషను మీద గుడ్డ కదులుతుంటే ఆమె మొహం ఏడ్చి నవ్వేది. జాకెట్ల కొలతలు ఇవ్వడానికి వచ్చినవాళ్ళు హడలిపోయేవాళ్ళు.

పోటీలు జిల్లా కేంద్రంలో మునిసిపల్ హాల్లో, మధ్యాహ్నం పూట. వజ్రం వీధివాళ్ళు ట్రాక్టరు మాట్లాడుకుని వచ్చారు. పక్కింటి నాగరత్తమ్మ ముందు వరసలో కనకాంబరాల దండ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. గంట కొట్టారు. పోటీల నిబంధన ఏమిటంటే, గంట కొట్టాక నాటకం ఆగితే లెక్కలోంచి తీసేస్తారు. మా తెర సూరయ్య తాడు లాగాడు. అది చుట్టుతెర, అడుగున వెదురు బొంగు ఉంటుంది. బొంగు మూరెడు ఎత్తు లేచి ఆగిపోయింది. సూరయ్య తాడు పట్టుకుని వేలాడాడు. తాడు పైనున్న కప్పీ చక్రంలో మరింత ఇరుక్కుంది గానీ తెర కదల్లేదు. ఈలోగా భుజంగరావు పద్యం ఎత్తుకున్నాడు. ఆయన ఎత్తుకుంటే ఆపడం దేవుడి వల్ల కూడా కాదు.

అలా నాటకం మొత్తం తెర వెనకాలే జరిగింది. జనానికి కనిపించింది పాదాలు, పంచె అంచులు, చీర కుచ్చెళ్ళు. ముందు ఈలలు వేశారు, తెర ఎత్తండ్రా అని అరిచారు, ముందు వరస వాళ్ళు కుర్చీలు దిగి నేల మీద బోర్లా పడుకుని చూశారు. నాగరత్తమ్మ కూడా దండ పక్కన పెట్టి నేలకి చెంప ఆనించింది. ఎంత ఆనించినా మోకాళ్ళ దాకానే కనిపించింది. లోపల వజ్రం కిరీటం తన్నింది, ఏడ్చింది, నవ్వింది. ఏళ్ళ తరబడి దాచుకున్నదంతా ఆ కాస్తలో పెట్టింది. నేనొక్కణ్ణే చూశాను.

నాటకం అయిపోగానే విశ్వోత్తమరావు గారు లేచి నిలబడ్డారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మైకు తెప్పించుకున్నారు.

"ఇంతకాలమూ మనము ముఖమునకు బానిసలము. ముఖము అబద్ధము చెప్పును, పాదము చెప్పజాలదు. ఈ బృందము నేడు ముఖమును రద్దు చేసినది. నా చూపు మారినది. మారినట్లు ఇందుమూలముగా ధ్రువీకరించుచున్నాను," అన్నారు.

మొదటి బహుమతి మాకే. సూరయ్య నిజాయితీపరుడు. స్టేజీ ఎక్కి చేతులు కట్టుకుని, "అయ్యా, తాడు కప్పీలో ఇరుక్కుందండీ. కాస్త నూనె రాయమని ఎప్పట్నించో మొత్తుకుంటన్నా, ఎవురూ ఇనలా," అని చెప్పాడు. సంచాలకులు వాడి రెండు చేతులూ పట్టుకుని సభ వైపు తిరిగారు. ఇంతటి సృష్టి చేసి కూడా ఆ ఘనత తాడుకి వదిలేశాడనీ, దీన్నే అహంకారం లేని కళ అంటారనీ చెప్పారు. సూరయ్యకి శాలువా కప్పారు. శాలువా కప్పాక వాడు కూడా కాస్త అనుమానంలో పడ్డాడు.

నెల తిరక్కుండా రెండో ఉత్తర్వు వచ్చింది. ఇకమీదట రాష్ట్రంలో ఏ నాటకమైనా పాదదర్శన విధానంలోనే ఆడాలి. తెర అడుగుకీ వేదికకీ మధ్య ఎడం ఒక మూర మించకూడదు. తెర తాడుకి లక్క ముద్ర వేస్తారు, ఆ ముద్ర చెదిరితే గుర్తింపు రద్దు. మూర అంటే ఎవరి మూర అని సందేహం వచ్చింది. సూరయ్యని రాజధానికి పిలిపించి కొలిచారు. వాడి కుడి మూరకీ ఎడమ మూరకీ వేలెడు తేడా ఉందట, దాని మీద ఉపసంఘం వేశారు. ఉపసంఘం సగటు మూర తేల్చి, ఆ కొలతకి టేకు కర్రలు చేయించి ప్రతి హాలుకీ పంపింది. కర్రతోపాటు ఒక మనిషిని కూడా వేశారు. ఆయన్ని దృష్టి పర్యవేక్షకుడు అంటారు. మా ఊరికి వచ్చినాయన పేరు ఏకాంబరం. పాపం మంచివాడే. ప్రతి రంగానికీ ముందు వచ్చి తెర కింద కర్ర నిలబెట్టి చూసుకుని, తల ఊపి, తన కుర్చీలో కూర్చునేవాడు.

ఇక ఆ పైన జరిగింది చెబితే మీరు నన్ను అనుమానిస్తారు. మొహానికి రంగు వేసుకోవడం వృథా అన్నారు, మేకప్ వాళ్ళు కాళ్ళకి మళ్ళారు. కొత్త వేషాలకి గొంతు పరీక్ష ఎత్తేసి పాద పరీక్ష పెట్టారు. భుజంగరావుకి ఆనెకాయలు ఉన్నాయని రాజు వేషం ఊడిపోయే పరిస్థితి వచ్చింది. సారంగధర అన్న నాటకం పేరు తప్ప పద్యం ముక్క రాని రైల్వే గుమాస్తా ఒకడు, మడమలు నున్నగా ఉన్నాయని పోటీకి వచ్చాడు. భుజంగరావు అవి ఆనెకాయలు కావనీ, వీరకేతుడి యుద్ధ గాయాలనీ వాదించి వేషం నిలబెట్టుకున్నాడు. విశ్వవిద్యాలయంలో ఒక ఆచార్యుడు మడమ మౌనభాష మీద పెద్ద వ్యాసం చదివాడు. చిత్రకారుల్ని మోకాలి కింది భాగమే వెయ్యమన్నారు. కూడళ్ళలో విగ్రహాలకి కూడా పాదాలు మిగిల్చి గుడ్డ కప్పారు. దాంతో జయంతి రోజున ఒక సంఘం వాళ్ళు తమ నాయకుడి పాదాలనుకుని ఇంకో సంఘం నాయకుడి పాదాలకి దండ వేశారు. రెండు సంఘాలకీ కొట్లాట అయింది గానీ, ఎవరి పాదాలు ఎవరివో పోలీసులు కూడా చెప్పలేకపోయారు.

పాద పరీక్షలో వజ్రానికి రాష్ట్రంలోనే ప్రథమ స్థానం వచ్చింది. మిషను తొక్కితొక్కి ఆమె పాదాలకి ఒక లయ ఉంది. అధికారులు దాన్ని శ్రమ సౌందర్యం అన్నారు. ఆమె పాదాల ఫొటో పోస్టర్ల మీదికి ఎక్కింది. బజార్లో ఆమె నడిచి వెళుతుంటే పక్కనే గోడ మీద ఆమె పోస్టరు ఉండేది, ఎవరూ గుర్తుపట్టేవాళ్ళు కాదు. ఒక్క చెప్పుల కొట్టు ఆయన మాత్రం లేచి దండం పెట్టాడు.

ఇంతలో నాటకంలో ఒక చిక్కు బయటపడింది. రాజు రాణి కాళ్ళ మీద పడాలి కదా. పడితే తల నేల మీదకి వస్తుంది. నేల మీదకి వచ్చిన తల తెర కింద కనిపించక ఏం చేస్తుంది? పోటీల నాడు భుజంగరావు మొహం నేలకి ఆనించి పడ్డాడు కాబట్టి ఇది బయటపడలేదు. ఈసారి పడి, తల తిప్పి చూసేసరికి ఎదురుగా హాలంతా తన మొహమే చూస్తోంది. నెలల తరబడి మొహం అన్నది చూడని జనం. ఆ మీసం చూడగానే హాలు దద్దరిల్లింది. వన్స్ మోర్ అన్నారు. ఆయన పాడాడు. మళ్ళీ అన్నారు, మళ్ళీ పాడాడు. ఆ తరవాత ఎవరూ అడక్కపోయినా యుద్ధానికి వెళ్ళేముందు పాడాల్సిన పద్యం పాడాడు, చిన్నరాణితో పాడాల్సిన పద్యం పాడాడు, చివరికి సేనాపతి చచ్చేటప్పుడు పాడే పద్యం కూడా ఆయనే పాడేశాడు. లెమ్మని వజ్రం కాలితో పొడిచినా లేవలేదు. ఏకాంబరం కర్ర పట్టుకుని నిలబడిపోయాడు. తెర మూరెడే ఉంది, మొహం కనిపిస్తోంది. ఇందులో ఏది తప్పో ఆయనకి తేలలేదు.

సంచాలకుల దాకా వెళ్ళింది వ్యవహారం. ఆయన నిపుణుల్ని కూర్చోబెట్టి నిర్ణయం పంపారు. "రాజుగారు తమ తల వెనుకభాగము ప్రేక్షకుల వైపు ఉండునట్లు పడవలెను. ఇట్లు పడుటలో సంస్థవారే శిక్షణ ఇచ్చెదరు." శిక్షణకి వెళ్ళి వచ్చిన భుజంగరావు మెడ పట్టేసి వారం రోజులు వేడినీళ్ళ కాపడం పెట్టుకున్నాడు. అప్పట్నించి రాజు ముందుకి పడుతూనే వెనక్కి చూసేవాడు.

వజ్రం గోడు ఎవరికీ పట్టలేదు. ఒక రోజు సాయంత్రం రిహార్సలు అయ్యాక ఆమె నా పెట్టె దగ్గర కూర్చుంది.

"నా కాళ్ళు రాష్ట్రమంతా తెలుసు మాస్టారూ. నా మొహం మాత్రం మా వీధోళ్ళకి కూడా మంజువాణిగా తెలవదు. మీరొక్కరే గదా చూసేది. ఎట్టా ఉందండీ, నిజం చెప్పండి," అంది.

అడిగింది కాబట్టి చెప్పాను. "ఏడుపు బావుందమ్మా. నవ్వు తొందరపడుతోంది. కన్నీళ్ళు బుగ్గ దిగేదాకా ఆగి, అప్పుడు రావాలి."

"ఆగితే చూసేవాళ్ళు ఉండాల గదండీ," అంది వజ్రం. ఉత్తి హాలుకేసి కాసేపు చూసి, లేచి వెళ్ళిపోయింది.

సంవత్సరాంతానికి రాజధానిలో పాదదర్శన మహోత్సవం పెట్టారు. ముగింపు నాటకం మాది. సభ కూడా నిబంధన ప్రకారమే జరగాలని సంచాలకులే పట్టుబట్టారు. ఆ విషయంలో ఆయన్ని తప్పు పట్టలేం, తన ఉత్తర్వు తనకీ వర్తిస్తుందని నమ్మిన మనిషి. అతిథులంతా మూరెడు తెర వెనకాల కూర్చున్నారు. మెరిసే బూట్ల వరస కనిపించింది. సంచాలకుల పాదాలకి పూలదండ వెయ్యాల్సిన సాంస్కృతిక సంఘం వాళ్ళు, పాదాలన్నీ ఒకేలా ఉండేసరికి, నీళ్ళ గ్లాసులు పెట్టడానికి వచ్చిన అటెండరు పాదాలకి వేసి, పొగడ్తలన్నీ అక్కడే చదివారు. అటెండరు కదిలితే బాగుండదని ఆఖరిదాకా నిలబడ్డాడు. సంచాలకులు లోపలే కూర్చుని చప్పట్లు కొట్టారు, తనకే అనుకుని.

తరవాత ఆయన కిందికి వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. మా నాటకం మొదలయింది. రాజు నిబంధన ప్రకారం పడ్డాడు. ఇక కిరీటం తన్నాలి. ఎడమ పాదం కోసం విమర్శకులు కలాలు తీసి ముందుకి వంగారు. వజ్రం తన్నలేదు. తరవాత మంజువాణి మహారాణి, పట్టుచీరతో, వడ్డాణంతో, నేల మీద కూర్చుంది. కూర్చుని వాలింది. రాజు తల పక్కన చెక్కల మీద చెంప ఆనించి, తెర కింద నుంచి జనాన్ని చూసింది.

ఆ కళ్ళు అందరికీ సూటిగా ఎదురుపడ్డాయి. ఆమె అలాగే పడుకుని పద్యం ఎత్తుకుంది. నాకు ఒక స్వరం తప్పింది. పద్యం అయ్యాక ముందు ఒక గొంతు, తరవాత హాలంతా వన్స్ మోర్ అంది. జీవితంలో ఆమెకి అదే మొదటిది. మళ్ళీ పాడింది.

పర్యవేక్షకులంతా లేచి సంచాలకుల వైపు చూశారు. ఆయన మొహం చూడాల్సిందే. మొహం కనిపించింది కాబట్టి గుర్తింపు రద్దు చెయ్యాలి. ఉన్న సంప్రదాయాన్ని ధిక్కరించింది కాబట్టి బహుమతి ఇవ్వాలి. ఆయన కళ్ళు మూసుకున్నారు, కళ్ళజోడు తుడుచుకున్నారు, మైకు తెప్పించుకున్నారు. "పాదదర్శనము నిన్నటి సంప్రదాయము. నా చూపు మరల మారినది," అన్నారు. వారంలో మూడో ఉత్తర్వు వచ్చింది. ఇకమీదట రాష్ట్రంలో రాజులు, రాణులు, మంత్రులు, చెలికత్తెలు అందరూ నాటకం ఆసాంతం పడుకునే నటించాలి. దీని పేరు భూముఖ విధానం. తెర ఎత్తు మాత్రం మూరెడే, లక్క ముద్ర యథాతథం.

మీరు నవ్వకండి. కత్తియుద్ధాలు పడుకుని చేశాం. చిన్నరాణి దొర్లుకుంటూ ప్రవేశించేది. సేనాపతి పడుకునే ఉంటాడు కాబట్టి ఎప్పుడు చచ్చాడో జనానికి తెలిసేది కాదు. పాపం ఆయన చచ్చే ముందు ఒకసారి తుమ్మి తెలియజేసేవాడు.

రాష్ట్రమంతా వజ్రాన్ని ఆకాశానికెత్తారు. కొత్త చూపుకి ఆద్యురాలన్నారు. ఇప్పుడైనా తృప్తేనా అని నేను అడిగాను.

"పక్కకి వాలి ఏడిస్తే కన్నీళ్ళు బుగ్గ మీదకి రావండీ మాస్టారూ. ముక్కు మీంచి అడ్డంగా పోయి చెక్కల్లో ఇంకుతున్నయ్. మీరు చెప్పినంతసేపు ఎట్టా ఆగను? మంజువాణి నిలబడే ఏడవాలండీ," అంది.

తరవాతి నాటకం మా ఊళ్ళోనే, మా హాల్లో. పోటీ కాదు, వార్షికోత్సవం. ఏకాంబరం కర్ర పెట్టి చూసి, తాడు ముద్ర తడిమి, కుర్చీలో కూర్చున్నాడు. వజ్రం వీధి వీధంతా వచ్చింది. నాగరత్తమ్మ మళ్ళీ కనకాంబరాల దండ తెచ్చింది. అందరం మా మా చోట్ల పడుకుని మొదలుపెట్టాం. నేను కూడా పక్కకి వాలి వాయిస్తున్నాను, ఉత్తర్వు హార్మోనిస్టుకి వర్తిస్తుందో లేదో తెలియక.

అలక రంగం వచ్చింది. రాజు పడాలి. పడుకున్నవాడు ఎక్కడ పడతాడు? భుజంగరావు ఒక్క దొర్లు దొర్లి రాణి దగ్గరకి చేరాడు. అప్పుడు వజ్రం లేచి నిలబడింది. తెర కింద మళ్ళీ ఆమె పాదాలు తప్ప మొహం కనిపించకుండా పోయింది. హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. ఏకాంబరం సగం లేచాడు.

ముందు వరసలోంచి నాగరత్తమ్మ లేచింది. ఆవిడకి ఉత్తర్వుల సంగతి తెలియదు, ధిక్కారం సంగతి అసలే తెలియదు. మా జాకెట్లు కుట్టే పిల్ల లోపల నిలబడి ఉంది, చూడ్డానికి ట్రాక్టరు మీద అంత దూరం పోయి కూడా చూడలేకపోయాం, అదొక్కటే తెలుసు. నడుం పట్టుకుని మెట్లెక్కి వచ్చి, రెండు చేతులతో వెదురు బొంగు పట్టుకుని పైకెత్తింది. ఆవిడ ఎత్తే ఎంత, బొంగు ఆవిడ భుజం దాకా వచ్చింది. అది చూసి వీధివాళ్ళు నలుగురు ఎక్కారు. తరవాత ఇంకొందరు. పల్లకీ బొంగు మోసినట్టు బొంగుని భుజాల మీదికి, అక్కడ్నించి తలల మీదికి ఎత్తి నిలబడ్డారు.

ఏకాంబరం కర్ర పట్టుకుని వచ్చాడు. తాడు చూశాడు. ముద్ర చెదరలేదు. తాడు ముట్టుకోకూడదని ఉత్తర్వులో ఉంది, తెర మొయ్యకూడదని లేదు. కర్ర నిలబెట్టి కొలవబోయాడు. మూరెడు కర్రకి అంత ఎత్తు అందలేదు. కాసేపు అటూ ఇటూ చూసి, ఆ కర్ర నేల మీద పెట్టి, బొంగు జారుతున్న వైపు వెళ్ళి తనూ ఒక చెయ్యి వేశాడు.

వజ్రం ఇదంతా చూస్తూ నిలబడింది. రంగు వేసుకోలేదు, వేసుకోవడం మానేసి చాన్నాళ్ళయింది. కాటుక మాత్రం ఉంది. ఎడమకాలితో కిరీటం తన్నింది. అది దొర్లుకుంటూ వచ్చి నా పెట్టెకి తగిలి ఆగింది. ఆమె రాజు తలని చూసింది. కళ్ళు నిండాయి. నీళ్ళు మెల్లగా బుగ్గల మీదికి దిగాయి. ఆగింది. నేను చెప్పినంతసేపు ఆగింది. ఇంకా ఆగింది. మోస్తున్నవాళ్ళు చేతులు మార్చుకున్నారు గానీ తెర దిగలేదు. రాజు తల వెనక్కి ఉండాలన్న పాత నిబంధన ఇంకా రద్దు కానందున గోడ వైపు తిరిగి పడుకున్న భుజంగరావు, ఏం జరుగుతోందో తెలియక, మెడ నొప్పి మరిచిపోయి ఇటు తిరిగి ఆమెని చూశాడు. మీసం కింద నోరు తెరుచుకుని ఉండిపోయింది. అప్పుడు నవ్వింది వజ్రం.

నవ్వుకి వన్స్ మోర్ లేదు మా దగ్గర, తాతల కాలం నుంచీ లేదు.

బొంగు కింద నుంచి నాగరత్తమ్మ తల తిప్పి, "ఇంకోసారి నవ్వవే తల్లీ," అంది.

వజ్రం మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. రాజు తలని చూసింది, కళ్ళు నింపుకుంది, ఆగింది. ఆ ఖాళీలో నేను నాలుగు స్వరాలు వాయించాలి, అది నా పని. చేతులు పెట్టె మీదే ఉన్నాయి, వాయించలేదు. పూడ్చాల్సినంత ఖాళీ అక్కడ నాకేమీ కనిపించలేదు.